ఫర్హత్ బాగ్ ప్రారంభోత్సవం

ఫర్హత్ బాగ్ కట్టి నూట ముప్పై ఏడేళ్ళయింది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ ప్రారంభించలేదన్న సంగతి మాత్రం మొన్న జ్యేష్ఠమాసంలోగానీ బయటపడలేదు.

అంతవరకూ జనం ఏమీ ఎరగనట్టు వచ్చిపోతూనే ఉన్నారు. పొద్దున నడకవాళ్ళు, మధ్యాహ్నం నిద్రవాళ్ళు, సాయంత్రం పల్లీల పొట్లాలతో జంటలు. పై ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు గేటు దగ్గర బోర్డు చదువుకుని, అందులో చెప్పిన పదకొండు చూడదగ్గ స్థలాలనూ వరసగా చూసేవారు. గేటుమీద నగారాలు మోగించే నౌబత్ ఖానాతో మొదలుపెట్టి గడియార స్తంభం, పాలరాతి ఫౌంటెన్, పన్నెండు ద్వారాల బారాదరి, నవాబుగారి ఏనుగులకు స్నానం చేయించిన బావి, పావురాల బురుజు, గాజు ఇల్లు, నీడతో టైము చెప్పే సూర్య గడియారం, రెండు ఫిరంగులు, బ్యాండు వాయించే మంటపం అయ్యాక, చివరికి పదకొండోదైన దరోగా బంగళా ముందు నిలబడి ఫొటో దిగేవారు. ఆ ఫొటోల్లో చాలావాటిలో వెనకాల తీగమీద ఆరేసిన చీరలు పడేవి. ఆ చీరలు వత్సలవి.

దరోగా అంటే పాతరోజుల్లో తోటమీద అధికారి. ఇప్పుడాయన్ని సూపరింటెండెంట్ అంటారు. ఆ సూపరింటెండెంటు నర్సింగరావు, ఆయన భార్య వత్సల, ఆయన తల్లి అనంతమ్మ ఆ బంగళాలో ఇరవై రెండేళ్ళుగా కాపురం ఉంటున్నారు. వత్సల చరిత్ర ప్రధాన విషయంగా బి.ఏ. చదివింది. ఉద్యోగం చేయలేదు. బాగ్‌లో గైడు పోస్టు ఇరవై రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. ఆ పని ఇరవై రెండేళ్ళుగా వత్సల చేస్తోంది. బోర్డులమీద రాతలు ఆమెవే. ఏ కట్టడం ఏ సంవత్సరంలో లేచిందో, రాయి ఏ గుట్టనుంచి వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఒక్క సంవత్సరం అటూ ఇటూ చెప్పినా ఆమెకు అన్నం సయించదు.

అనంతమ్మకు ఎనభై మూడేళ్ళు. చూపు మసకబారి ఆరేళ్ళయింది. అయినా ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోదు. మంచంనుంచి వంటింటి గడపకు పద్నాలుగు అడుగులు, గడపనుంచి తులసికోటకు తొమ్మిది. లెక్క పెట్టుకుంటూ కర్ర ఆనించుకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. ఒకసారి బంధువుల పెళ్ళికని నాలుగురోజులు వేరే ఊరు తీసుకుపోతే, నాలుగురోజులూ మంచం పట్టె పట్టుకుని కదలకుండా కూర్చుంది. తిరిగి వచ్చి సొంత గడప దాటాకగానీ ఆమె మొహంలో కళ రాలేదు.

ప్రత్యేక తనిఖీ అధికారి చక్రపాణిగారు ఎండలో వచ్చాడు. వరండాలో కూర్చుని మజ్జిగ తాగి, ఫైలు తెరిచాడు.

"గడియార స్తంభాన్ని ఎవరు ప్రారంభించారు?"

"నవాబుగారు కట్టించిండ్రు సార్" అన్నాడు నర్సింగరావు.

"వంట చేయడం వేరు, వడ్డించడం వేరు. కట్టించిన సంగతి నేనడగలేదు. శిలాఫలకం ఏదీ?"

శిలాఫలకం లేదు. నౌబత్ ఖానాకూ లేదు, బావికీ లేదు. పదకొండింటికీ లేదు. చక్రపాణిగారు ఒక్కొక్కదానికీ ఎదురుగా 'లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

వత్సల గ్లాసు తీసుకుపోవడానికి వచ్చి ఆగింది. "పాత గెజిట్ల ఉన్నది సార్. పనులన్నీ అయిన దినం నవాబుగారు వచ్చి బారాదరిల కూసొని సన్నాయి విన్నరని."

"రిబ్బను కత్తిరించారా?"

"లేదు సార్."

"కొబ్బరికాయ?"

"ఆయన నవాబు సార్."

"అంటే విన్నారు, వెళ్ళారు. అది చరిత్ర అమ్మా. నేనడుగుతున్నది రికార్డు." ఆయన కలం మూతపెట్టాడు. "శిలాఫలకం లేని కట్టడం ప్రారంభం కాని కట్టడం. దాన్ని ప్రజలు యథేచ్ఛగా చూస్తున్నారు. ఎంతకాలంగా?"

"నూట ముప్పై ఏడేళ్ళసంది సార్" అన్నాడు నర్సింగరావు, తనే ఆ నూట ముప్పై ఏడేళ్ళూ గేటు తీసిపెట్టినట్టు తల వంచుకుని.

"తీవ్రంగా పరిగణించవలసిన విషయం" అని చక్రపాణిగారు నోటితో అంటూ చేత్తో రాసుకున్నాడు.

పదిహేనురోజుల్లో సర్క్యులర్ వచ్చింది. ఫర్హత్ బాగ్‌లోని పదకొండు కట్టడాలను వచ్చే మార్చి ముప్పై ఒకటిలోగా తగిన ప్రముఖులచే ప్రారంభింపజేయవలెను. లేనిచో బాగ్‌ను శాశ్వతముగా మూసివేయడమగును. ప్రారంభోత్సవమునకు ముందు సదరు కట్టడములు ప్రజల దృష్టిలో పడుట సంప్రదాయ విరుద్ధము గనుక, అంతవరకు వాటిని వస్త్రముతో కప్పి ఉంచవలెను.

ఏ వస్త్రం అన్నదానిమీద కమిటీ వేశారు. కమిటీ మూడుసార్లు సమావేశమయింది. ఏ రంగు అనుకున్నా అది ఎవరిదో ఒకరి జెండాలో ఉంది. తెలుపు ఏ ఒక్క పార్టీదీ కాదు గానీ, తెల్లబట్ట కప్పితే ఎవరో పోయినట్టుంటుందని ఒక సభ్యుడు కళ్ళు తుడుచుకున్నాడు. చివరికి ఏ పార్టీవాడూ ఇష్టపడని రంగు గోనెసంచి రంగని తేలింది.

కొలతలకు దర్జీ ఖాజా మియా వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా పెళ్ళికొడుకులకు షేర్వాణీలు కుట్టిన మనిషి. గడియార స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగి, టేపు మెడలో వేసుకుని నిలబడ్డాడు.

"మనిషికి కుట్టిన, ఒకసారి ఏనుగుకు గూడ కుట్టిన. ఘడియాల్‌కు కుట్టుడు ఇదే మొదలమ్మా" అన్నాడు వత్సలతో. "గుండీలు ముందర పెట్టాల్నా, ఎనక పెట్టాల్నా?"

"మంత్రిగారు వచ్చినప్పుడు ఒక్క తాడు గుంజితే మొత్తం ఊడిరావాలట మియా."

"షేర్వాణీ అట్ల ఊడొస్తే నా దుకాణం ఏం గావాలె" అని నిట్టూర్చి, భుజం కొలతకని నిచ్చెన ఎక్కాడు.

శ్రావణం వచ్చేసరికి దరోగా బంగళా తప్ప తక్కిన పదింటికీ బట్టలు తొడిగారు. బంగళాలో జనం కాపురం ఉంటున్నారు గనుక దాని విషయమై వేరే ఉత్తర్వులు రావలసి ఉంది. నౌబత్ ఖానాకు కప్పినప్పుడు కిందనున్న గేటు కూడా మూసుకుపోయింది. లోపలికి వచ్చేవాళ్ళకోసం ఖాజా మియా నడుమ చీలిక పెట్టి అంచు కుట్టాడు. గడియారం లోపలే గంటలు కొడుతోంది. నిండా దుప్పటి కప్పుకున్న మనిషి దగ్గుతున్నట్టు వినబడేది. సూర్య గడియారంమీద ఎండ పడకుండా పోవడం గురించి వత్సల ఒక విజ్ఞాపన రాస్తే, "ప్రారంభం కాని గడియారము టైము చూపుట అవసరము లేదు" అని జవాబు వచ్చింది.

జనం తగ్గుతారని వత్సల అనుకుంది. పెరిగారు. కప్పి ఉన్నదాంట్లో ఏముందోనన్న ఆశ బావికికూడా కొత్త గౌరవం తెచ్చింది. ఆమె పాత అలవాటు ప్రకారం ఒక్కొక్క మూట ముందు ఆగి, "ఇందులో ఉన్నది పావురాల బురుజు, ఎత్తు నలభై రెండు అడుగులు" అని చెబుతుంటే, వెనకటికంటే శ్రద్ధగా వింటున్నారు. ఒక స్కూలు టీచరు ఎనభైమంది పిల్లల్ని వరసలో నడిపించి, "రాసుకోండి, మూట నంబర్ ఆరు" అంటూ పోయాడు. తర్వాత పరీక్షలో ఫర్హత్ బాగ్‌లో చూడదగ్గవి ఏవని అడిగితే ఒక పిల్ల "పది గోనె మూటలు, వత్సల ఆంటీ" అని రాసిందట. పూర్తి మార్కులు వేశానని ఆయనే ఫోన్ చేసి చెప్పాడు.

ఇక ప్రముఖులు. మంత్రివర్యులు తప్పక వస్తామన్నారు. ఆషాఢం మంచిది కాదు కాబట్టి శ్రావణమన్నారు. శ్రావణంలో నియోజకవర్గంలో నూట నాలుగు పెళ్ళిళ్ళున్నాయి. భాద్రపదంలో నిమజ్జనం బందోబస్తుకే పోలీసులు చాలలేదు, ఆపైన పితృపక్షం. కార్తీకంలో ఆయన దీక్షలో ఉన్నారు. పుష్యం శూన్యమాసం. మాఘంలో అన్నీ కుదిరాయి గానీ ఫలకంమీద తన పేరు మంత్రివర్యుల పేరుకంటే చిన్న అక్షరాల్లో ఉందని స్థానిక నాయకుడొకరు అలిగాడు. ఫలకాలు మూడుసార్లు చెక్కారు. మూడోసారి అందరి పేర్లూ సమాన అక్షరాల్లో పట్టేసరికి సూర్య గడియారం పక్కన పెట్టిన ఫలకం సూర్య గడియారంకంటే పెద్దదయింది. ఆవిష్కరణకు ముందు ఫలకం కూడా కనబడరాదు గనుక ప్రతి పెద్ద మూట పక్కనా ఒక చిన్న మూట వెలిసింది. దూరంనుంచి చూస్తే తల్లులూ పిల్లలూ బస్సుకోసం నిలబడినట్టుండేది.

ఫాల్గుణంలో ముహూర్తం ఖాయమైంది. ముందురోజు ఎన్నికల కోడ్ వచ్చింది.

కోడ్ రాగానే నాయకుల పేర్లున్న ఫలకాలన్నీ వెంటనే కప్పేయాలని పైనుంచి ఆదేశం. ఫర్హత్ బాగ్‌లో అవి ముందునుంచే కప్పే ఉన్నాయని నర్సింగరావు సమాధానం పంపాడు. ముందుచూపుకు మెచ్చుకుంటూ ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. ఉద్యోగ జీవితంలో మొదటిది. ఆయన దాన్ని ఫ్రేము కట్టించాలా వద్దా అని ఆలోచిస్తుండగానే రెండో కవరు వచ్చింది.

నిజానికి అలాంటి కాగితం అంతకుముందే పావురాలకు వచ్చింది. ప్రారంభం కాని కట్టడంలో నివసించడం అనధికార నివాసం కాబట్టి బురుజులోని పావురాలు వారంలోగా ఖాళీ చేయవలెనని నోటీసు అంటించి పోయారు. పావురాలు బట్ట బయటికి వచ్చి బట్టమీద కూర్చున్నాయి. ఆదేశం అమలైనట్టు నమోదయింది. ఆ వరసలో తర్వాతి పేరు నర్సింగరావుది.

"మార్చి ముప్పై ఒకటిలోగా దరోగా బంగళా ఖాళీ చెయ్యాలట" అన్నాడాయన. "ఊరి బయట కొత్త క్వార్టర్స్ల ఇస్తరట. ముప్పై కిలోమీటర్లు. నాలుగో అంతస్తు."

"లిఫ్టు ఉన్నదా?"

"లిఫ్టు ఉన్నదట. ఇంకా ప్రారంభం గాలేదట."

మరునాడు ఖాజా మియా మనుషులు వచ్చి బంగళాకూ బట్ట తొడిగారు. కిటికీల్లోంచి వచ్చే వెలుతురు చింతపండు రసంలా మారిపోయింది. వత్సల పట్టపగలు లైటు వేసుకుని బియ్యం ఏరుతుంటే మంచంమీదనుంచి అనంతమ్మ పిలిచింది.

"ఏంది వత్సలా, మొగులు వట్టిందా?"

"లేదత్తమ్మా. బట్ట గప్పిండ్రు."

"అయ్యో. ఎవలు వోయిండ్రు?"

"ఎవలు పోలేదు. ఇంటికి గప్పిండ్రు."

అనంతమ్మ కాసేపు ఆలోచించింది. "నాకు ఆరేండ్లసంది అన్నీ బట్టల నుంచే కనవడ్తున్నయి. మీకు గిప్పుడు గప్పిండ్రా" అని లేచి, కర్ర అందుకుని, పద్నాలుగు అడుగులు లెక్కపెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి, చెంబు ఉన్నచోట చెయ్యిపెట్టి నీళ్ళు ముంచుకు తాగింది. ఆ చెంబు నాలుగో అంతస్తులో ఎక్కడుంటుందో వత్సల ఊహించబోయి మానుకుంది.

నర్సింగరావు సామాను కట్టడానికి అట్టపెట్టెలు తెచ్చాడు. ఆయన ఏ కాగితాన్నీ ఎదిరించి ఎరగడు. వత్సల ఆ పెట్టెలు మూలకు నెట్టి, బీరువాలో పాత కాగితాలు కింద పరిచింది. రెండురోజులు చదివింది. మూడోరోజు ఒక కాగితం, ఒక ఫొటో, సర్క్యులరూ సంచిలో పెట్టుకుని, "నడువుండ్రి, చక్రపాణిసార్ దగ్గరికి పోదాం" అంది.

"ఏం చెప్తవు?"

"నేనేం చెప్ప. ఆయన రాసిందే చదువుత."

చక్రపాణిగారి గదిలో ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. ఆయన వత్సల ఇచ్చిన కాగితాన్ని పేపర్‌వెయిటు కింద పెట్టి చదివాడు. ఇరవై రెండేళ్ళ కిందట నర్సింగరావుకు ఇచ్చిన ఉత్తర్వు. 'దరోగా బంగళాలో గృహప్రవేశము నిమిత్తము ఒకపూట సెలవు మంజూరు చేయడమైనది.'

"ఇది సెలవు ఉత్తర్వు కదమ్మా."

"అవును సార్. గృహప్రవేశానికి సెలవు ఇచ్చిండ్రంటే గృహప్రవేశం జరిగిందని డిపార్ట్‌మెంటు ఒప్పుకున్నట్టే గదా. బంగళా ఆ దినమే ప్రారంభమైంది. కాలేదంటరా, అప్పుడు అది దొంగ సెలవు. మంజూరు చేసినాయనమీద విచారణ వెయ్యాలె."

చక్రపాణిగారు సంతకం చూశాడు. అది ఇప్పుడు కమిషనర్‌గా ఉన్నాయనది. గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగాడు.

"ఎవరు ప్రవేశించారు?"

వత్సల ఫొటో ముందుకు జరిపింది. పట్టుచీరలో వత్సల కుడికాలు గడపలోపల పెడుతోంది. వెనకాల నర్సింగరావు గ్యాస్ స్టవ్వు మోస్తూ నిలబడ్డాడు. "పాలు పొంగిచ్చింది గూడ నేనే."

"సంతోషం. కానీ ప్రారంభించేవారు ప్రముఖులై ఉండాలి. మీరు గృహిణి."

"ప్రముఖులంటే ఎవరో మీ సర్క్యులర్ నాలుగో పేరాల రాసిండ్రు సార్." వత్సల అద్దాలు సర్దుకుని, స్కూల్లో పాఠం చదివినట్టు చదివింది. "'ప్రముఖులు అనగా ఇదివరలో ఏదేని ప్రభుత్వ కట్టడమును ప్రారంభించి యున్నవారు.' బంగళా ప్రభుత్వ కట్టడం. దాన్ని నేను ప్రారంభించిన. అంటే నేను ప్రముఖురాలిని. ప్రముఖురాలు చేసింది కాబట్టి ఆ ప్రారంభం చెల్లుతది."

చక్రపాణిగారు నాలుగో పేరాను పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చదివాడు. దాన్ని రాసింది ఆయనే. అందులో కన్నం లేకుండా ఆరురోజులు కూర్చుని రాశాడు. చదవగా చదవగా ఆయన మొహంలో విసుగు పోయి, మెల్లగా ఇంకేదో వచ్చింది.

"అమ్మా, మీకు ఏ పార్టీలోనైనా సభ్యత్వం ఉందా?"

"లేదు సార్."

"ఏ ఎన్నికల్లోనైనా పోటీ చేశారా?"

"బాగ్‌ల ఉంటిమి సార్. అపార్ట్‌మెంట్ల ఉంటే సెక్రటరీకి నిలబెడుదురేమో."

"అంటే కోడ్ వర్తించని ప్రముఖురాలు" అన్నాడు చక్రపాణిగారు, గనిలో వజ్రం దొరికినవాడిలా. "గడువు ఇంకా తొమ్మిదిరోజులే ఉంది. రాష్ట్రంలో ఉన్న ప్రముఖులంతా ఇప్పుడు దేన్నీ ప్రారంభించడానికి వీల్లేదు, మీరు తప్ప. మిగతా పది కూడా మీ అమృతహస్తాలతో..."

"నాకు నా ఇల్లు చాలు సార్."

"పదకొండూ ఒకే ఫైలమ్మా. ఫైలును విడదీసే అధికారం నాకు లేదు. పది నిలిచిపోతే పదకొండోదీ నిలిచిపోతుంది."

వత్సల సర్క్యులరు తీసి సంచిలో పెట్టుకుంది. తర్వాత అడిగింది. "ఫలకాలమీద ఏ తేదీ వేస్తరు?"

"ప్రారంభ తేదీ."

"కట్టిన సంవత్సరం గూడ వెయ్యుండ్రి సార్. కింద చిన్న అక్షరాలల్ల ఏసినా సరే."

"నమూనాలో రెండో తేదీకి గడి లేదమ్మా" అన్నాడు చక్రపాణిగారు, నిజంగానే నొచ్చుకుంటూ.

నర్సింగరావు భార్యవైపు చూశాడు. గెజిట్లు తిరగేసి, పాత రాతిమీది ఫార్సీ అక్షరాలు చదివించుకుని, ఒక్కొక్క సంవత్సరాన్నీ ఆమె ఎలా నిలబెట్టిందో ఆయనకు తెలుసు. ఆమె సంచి మడతపెట్టుకుంటూ, "పాలు ఎన్ని లీటర్లు కావాలె?" అంది.

గృహప్రవేశంలో అనుసరించిన పద్ధతే పూర్వ సంప్రదాయం కాబట్టి పదింటికీ పాలు పొంగించాలని నిర్ణయమైంది. ఉగాది ముందు ఆదివారం, పొద్దున ఆరుగంటలకు మొదలుపెట్టారు. వెనకటి ఫొటోలో ఉన్నట్టే నర్సింగరావు స్టవ్వు మోశాడు. చక్రపాణిగారు ఒక పట్టిక పట్టుకుని వెంట నడిచాడు: కట్టడము పేరు, పాలు పొంగిన టైము, పొంగిన దిక్కు. నౌబత్ ఖానా దగ్గర ఈశాన్యం. గడియార స్తంభం దగ్గర తూర్పు. వత్సల తాడు లాగింది. ఖాజా మియా షేర్వాణీ భుజాలు జారి, నడుందగ్గర ఒక్కక్షణం ఆగి, కుప్పగా కూలింది. నడకవాళ్ళు చప్పట్లు కొట్టారు. బ్యాండు మంటపంలో గాలికి మంట నిలవక చక్రపాణిగారు స్వయంగా ఫైలు అడ్డం పట్టాడు. ఫిరంగుల దగ్గర రెండూ కలిపి ఒకటా, విడివిడిగా రెండా అన్న సందేహం వచ్చి పావుగంట ఆగారు. పావురాల బురుజు దగ్గర పాలు పడమటికి పొంగాయి.

"ఇది అభ్యంతరకరం" అన్నాడు చక్రపాణిగారు.

"గిన్నె తిప్పితే తూర్పే అయితది గద సార్" అన్నాడు ఖాజా మియా. గిన్నె తిప్పారు. తూర్పు అని రాసుకున్నారు.

పాలన్నీ కలిపి వత్సల పాయసం కాచింది. వచ్చినవాళ్ళందరికీ దొన్నెల్లో పోశారు. చివరగా దరోగా బంగళా బట్ట కూడా తీశారు. కిటికీల్లో ఎండ మళ్ళీ ఎండ రంగులో పడింది. ఒక నడకాయన మాత్రం గడియారాన్ని ఎగాదిగా చూసి, "గింతేనా? మూటనే మంచిగుండె" అని గొణుక్కుంటూ పోయాడు.

గడువుకు రెండురోజుల ముందే ఫైలు మూతపడింది. ప్రారంభోత్సవాల పట్టిక, పొంగిన దిక్కులతో సహా, అన్ని శాఖలకూ వెళ్ళింది. వెళ్ళిన శాఖల్లో వారసత్వ కట్టడాల కమిటీ ఒకటి.

ఆ కమిటీ జవాబు కార్తీకంలో వచ్చింది. నర్సింగరావు వరండాలో నిలబడి పైకి చదివాడు. "'మీరు పంపిన రికార్డుల ప్రకారము, ఫర్హత్ బాగ్‌లోని పది కట్టడముల వయస్సు ఎనిమిది నెలలు. వంద సంవత్సరములు నిండని కట్టడములను వారసత్వ జాబితాలో ఉంచుటకు వీలు పడదు. కావున తొలగించడమైనది. తొంభై తొమ్మిది సంవత్సరముల నాలుగు నెలల తరువాత తిరిగి దరఖాస్తు చేసుకొనవచ్చును.'"

వత్సల వడియాల పళ్ళెం దించి, గోడకు ఆనుకుంది. "బంగళా సంగతి?"

"'పదకొండవదైన దరోగా బంగళా ఇరవై రెండు సంవత్సరముల క్రితము ప్రారంభమైన సాధారణ నివాస గృహము. అందు చూడదగినది ఏమియూ లేదు. చూడదగ్గ స్థలముల జాబితానుంచి కొట్టివేయడమైనది. నివాసులు యథాప్రకారము ఉండవచ్చును.'" ఆయన మళ్ళీ ఒకసారి చదివి, "మనం ఉండొచ్చట" అన్నాడు, నమ్మలేనట్టు.

పాత బోర్డులు పీకేసి నమూనా ప్రకారం కొత్తవి పాతారు. ఒక్క గీత తప్పు లేదు. అన్నిటిమీదా ఒకే తేదీ. ఆ దారిన వెళ్ళేటప్పుడు వత్సల తల వంచుకుని నడుస్తుంది. గైడు పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. ఎవరైనా చూపించమంటే మాత్రం వత్సల కాదనదు.

మొన్నొక సాయంత్రం ఆమె వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంటే పై ఊరి దంపతులు వచ్చారు. ఆయన బోర్డు చదివి, తలెత్తి గడియార స్తంభం చూశాడు. సున్నం రాలి లోపలి రాయి బయటపడింది. నెర్రెల్లోంచి రావిమొక్క చెయ్యంత లావున వచ్చింది. పైన ఇనప ఊచ ఒకపక్కకు వాలింది.

"అమ్మా, దీనికి నిజంగ ఎనిమిది నెలలేనా?" అని అడిగాడు.

నూట ముప్పై ఎనిమిది అన్న మాట వత్సల నాలుక చివరిదాకా వచ్చింది. లోపల అత్తగారి కర్ర గచ్చుమీద తడుతోంది. పదకొండు, పన్నెండు, పదమూడు. గడప దగ్గర ఆగి, దాటి, చెంబు తీసుకున్న చప్పుడు.

"ఎనిమిది నెలలే" అంది వత్సల.

"ఎనిమిది నెలలకే గిట్లయిందా?"

"ప్రభుత్వ కట్టడం గదండీ."

ఆయనకు ఇంకే అనుమానమూ మిగల్లేదు. "గదీ సంగతి" అని భార్యవైపు తిరిగి, "మనూరి బ్రిడ్జికంటే నయమే. అది ఆర్నెల్లు గూడ ఆగలే" అంటూ ఫోను తీసి ఆమెను ఫొటోకు నిలబెట్టాడు.